ఎరుపులో ఉన్న దళం

మా ఆయనకు ఒక సైన్యం ఉంది. నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వాను, తరవాత తిట్టాను, ఆ తరవాత ఏమైందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. సైన్యమంటే నిజం సైన్యం కాదు, కంప్యూటర్లో ఆడే ఆట. పాతకాలపు రాజుల యుద్ధాలు. అందులో మా ఆయనకు అరవై నాలుగు దళాలు. బల్లేలు పట్టినవాళ్ళు ముందు వరసలో, విలుకాళ్ళు వాళ్ళ వెనక, గుర్రాలవాళ్ళు చెరో పక్కన, అందరికన్నా వెనక సరుకుల బండి. నదికి అవతల శత్రువు కోట. రెండేళ్ళుగా అదే నది, అదే కోట. దాటిందీ లేదు, గెలిచిందీ లేదు. ఆ కోటలోని రాజు ఎదురుచూసి ఎదురుచూసి ముసలాడైపోయి ఉంటాడు.

"ఎప్పుడు దాటతారండీ ఆ నది?" అని ఒకసారి అడిగాను.

"సగం దళాలు అలిసిపోయి ఉన్నాయి. అలిసినవాళ్ళని నీళ్ళలోకి దింపకూడదు" అన్నాడు తల ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. బస్సు డిపో ఆవరణలో ఉన్న క్యాంటీను నాది. ఉదయం అయిదున్నరకు తలుపు తీస్తే సాయంత్రం ఏడింటికి మూస్తాను. ఆ వేళకి బల్లల దగ్గర చోటు లేక డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఈయన మాత్రం మూల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నలుగురు కూర్చునే చోట ఒక్కడే కూర్చుని, లేని సైనికుల అలసట గురించి బెంగపడుతున్నాడు. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి వాచిన నా కాళ్ళు మాత్రం ఆయన కంట పడవు.

డిపోలో ఆయన పని డ్యూటీ చార్టు వెయ్యడం. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బస్సు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి, ఎవరికి ఎప్పుడు విశ్రాంతి, అంతా పెద్ద కాగితం మీద గళ్ళు గీసి పెన్సిలుతో నింపుతాడు. పెన్సిలు ఎందుకంటే ఒకడికి జ్వరం వస్తుంది, ఇంకొకడి బస్సు చెడిపోతుంది, గళ్ళు రోజూ మారుతూనే ఉంటాయి. పదకొండేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ చార్టుగారే. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో నీళ్ళు రాకపోతే పక్కింటివాళ్ళని అడగడానికి కూడా నన్నే పంపుతాడు.

డిపోలో డ్రైవర్లు అరవై నలుగురు. సైన్యంలో దళాలూ అరవై నాలుగు. ఆ సంగతి గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది. గ్లాసులు తీస్తూ ఒకరోజు తొంగి చూస్తే, ఒక్కో దళం కింద ఒక్కో పేరు. బల్లెం దళం ఒకటి 'రేడియో'. రేడియో అంటే మా డిపోలో నోరు మూయని డ్రైవరు. విలుకాళ్ళలో 'సగం టీ'. అతను పుట్టి బుద్ధెరిగాక నిండు గ్లాసు తాగలేదు. కుడిపక్క గుర్రాలకు నాయకుడు 'నిదానం'.

నిదానం గురించి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి. మలుపు దగ్గర అందరూ హారన్ కొడితే ఈయన ఆగి, చూసి, అప్పుడు తిప్పుతాడు. ప్రయాణికులు విసుక్కుంటారు, చంటిపిల్లల తల్లులు మాత్రం ఆయన బస్సు కోసమే కాచుకుంటారు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు, ఆయన్ని అన్నయ్యా అని పిలవడం మొదలుపెట్టాను. దాంతో మా ఆయనకు ఆయన బావ అయిపోయాడు. గుర్రపు దళం ఎందుకిచ్చారని అడిగితే, "బావ జీవితంలో ఒక్కసారైనా వేగంగా వెళ్ళాలి కదా" అన్నాడు మా ఆయన. పన్నెండేళ్ళలో నేను విన్న ఆయన జోకు అదొక్కటే.

ఆ ఆటలో ప్రతి దళం జెండా కింద ఒక రంగు పట్టీ ఉంటుంది. విశ్రాంతిగా ఉంటే ఆకుపచ్చ, నడిస్తే పసుపు, మితిమీరి నడిస్తే ఎరుపు. ఎరుపులో ఉన్న దళాన్ని యుద్ధానికి పంపితే డాళ్ళు కింద పారేసి చెదిరిపోతుంది. మా ఆయన సైన్యాన్ని ఎనిమిది గుంపులు చేశాడు. ఎర్రబడ్డవాళ్ళని ఎనిమిదో గుంపులోకి మార్చి, సరుకుల బండి దగ్గర గుడారాల్లో కూర్చోబెడతాడు. తిరిగి ఆకుపచ్చకి వచ్చేదాకా వాళ్ళ జోలికి పోడు. అక్కడితో ఆగితే అది ఆటే. కానీ ఈయన, నిజం డ్రైవరు ఆ రోజు ఎన్ని గంటలు బస్సు నడిపితే, ఆ పేరున్న దళాన్ని అన్ని మైళ్ళు మైదానం చుట్టూ నడిపిస్తాడు. రోజుకి ఒక వంతు. ఆ రోజు తేదీ పేరుతో ఆట దాస్తాడు. ఇదేం పిచ్చి అనుకున్నాను. మధ్యమధ్యలో తెర మీద 'సేనాపతీ, సైనికులు యుద్ధం కోరుతున్నారు' అని వస్తుంది. ఈయన 'తరవాత' అని నొక్కుతాడు.

ఇక సోమవారం సంతకం. దీని గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

ప్రతి డ్రైవరూ రోజూ బస్సు ఎక్కేముందు చార్టులో తన గడి చూసుకుని సంతకం పెట్టాలి. అది నియమం. తెల్లవారుజామున కిటికీ ముందు పొడుగాటి వరస, వానొస్తే తడవడం, చలికి వణకడం. ఆరేళ్ళ కిందట మా ఆయనకు జాలేసింది. "సోమవారం ఒక్కసారి వారానికంతటికీ సంతకం పెట్టేసి పొండి, గళ్ళు నేను నింపుకుంటాను" అన్నాడు. అందరూ దండం పెట్టారు. ఖాళీ గళ్ళ కింద సంతకాలు పెట్టి టీ తాగడానికి వచ్చేవాళ్ళు. రేడియో నా క్యాంటీను మధ్యలో నిలబడి, "ఈ డిపోలో మనిషంటూ ఉంటే చార్టుగారే" అని ఉపన్యాసం ఇచ్చాడు. ఆ రోజు నేను కూడా పొంగిపోయి అందరికీ రెండో టీ పోశాను. తలుచుకుంటే నా మీద నాకే కోపం.

ఏడాదిన్నర కిందట కొత్త మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. "బస్సు ఆగకూడదు" అన్నది ఆయన మంత్రం. ఆయన వచ్చేనాటికే డ్రైవర్లు చాలడం లేదు, కొత్తవాళ్ళని ఇవ్వమని పైకి రాస్తే తనకి చెడ్డపేరని రాయలేదు. ఉన్నవాళ్ళ చేత రెండేసి డ్యూటీలు చేయించడం మొదలుపెట్టాడు. పొద్దున ఎక్కినవాడు మధ్యాహ్నం దిగి, అన్నం తిని, మళ్ళీ ఎక్కి చీకటి పడ్డాక దిగాలి. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే. డ్రైవర్లు నా దగ్గర టీ తాగుతూ తాగుతూ గ్లాసు చేతిలో ఉండగానే కునుకు తీసేవాళ్ళు. నేను భుజం తట్టి లేపి పంపేదాన్ని. అది కూడా ఇప్పుడు గుర్తొస్తే మంటగానే ఉంటుంది, లేపి పంపింది నేనే కదా.

గురువారం, మధ్యాహ్నం మూడు. గ్లాసులు కడుగుతున్నాను. పెద్ద చప్పుడైంది. పరిగెత్తి వెళ్ళి చూస్తే, బస్సులు కడిగే షెడ్డులోకి నిదానం అన్నయ్య బస్సు అడ్డంగా దూసుకుపోయి ఉంది. ఖాళీ బస్సు, ప్రయాణికులు లేరు. షెడ్డు స్తంభం విరిగి బస్సులు కడిగే అతని కాలి మీద పడింది. అతను అరుస్తున్నాడు. అన్నయ్య స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి.

"అన్నయ్యా! ఏమైంది?"

"గేటు దాటినట్టు గుర్తులేదమ్మా నాకు" అన్నాడు. అంతే అన్నాడు. తరవాత దిగి వెళ్ళి, ఆ స్తంభం ఎత్తడానికి అందరితో పాటు చెయ్యి వేశాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. బుధవారం రోజంతా విశ్రాంతి తీసుకుని కూడా గురువారం నిర్లక్ష్యంగా నిద్రపోయి ఒక కార్మికుడి కాలు విరగడానికి కారణమైనందుకు డ్రైవరు మీద విచారణ. మంగళవారం పెద్దాఫీసు నుంచి అధికారి వస్తారు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది. రిటైరవడానికి ఇంక ఏడు నెలలే ఉన్న మనిషికి ఆ కాగితం.

బుధవారం విశ్రాంతట! బుధవారం మధ్యాహ్నం రెండింటికి రెండో డ్యూటీ ఎక్కేముందు నా చేతి టీయే తాగి వెళ్ళాడు ఆయన. "కళ్ళల్లో ఇసుక పోసినట్టుందమ్మా, కాస్త గట్టిగా కాచు" అన్నాడు. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది.

నోటీసు అంటించిన రోజే మేనేజరు క్యాంటీనుకి వచ్చి కూర్చున్నాడు. నలుగురూ వింటుండగా, "రోజంతా సెలవిచ్చాం. రాత్రి ఎక్కడ తిరిగాడో, ఏం తాగాడో ఎవడికి తెలుసు?" అన్నాడు. ఆ మూలన అన్నయ్య కూర్చునే ఉన్నాడు. తల ఎత్తలేదు. నేను వెళ్ళి మేనేజరు ముందున్న గ్లాసు తీసి, తొట్టిలో ఒంపేశాను.

"ఏంటమ్మా, ఇంకా తాగలేదు నేను."

"తెలుసు సార్."

క్యాంటీను లైసెన్సు సంగతి చూస్తానని వెళ్ళిపోయాడు. చూసుకోమన్నాను, ఆయన గేటు దాటాక. చుట్టూ ఉన్న డ్రైవర్లందరికీ తెలుసు బుధవారం ఏం జరిగిందో. కానీ ఏ కాగితం చూసినా విశ్రాంతి అనే ఉంది, దాని కింద వాళ్ళ సంతకాలే ఉన్నాయి. నిజం చెబితే, మరి ఆ సంతకం ఎందుకు పెట్టావయ్యా అని మొదట వాళ్ళనే పట్టుకుంటారు.

శనివారం రాత్రి ఇంట్లో చూస్తే, ఈయన మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కోపం వస్తే నా నోట్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది.

"అక్కడ అన్నయ్య బతుకు బుగ్గవుతుంటే నీకు యుద్ధాలు కావాల్సొచ్చాయా? ఇలా తే దాన్ని, బావిలో పడేస్తాను!"

"మన ఇంట్లో బావి లేదు" అన్నాడు.

"తవ్వుతాను!"

ల్యాప్‌టాప్ మూత పెట్టేశాను. ఆయన మళ్ళీ తెరిచాడు. మళ్ళీ పెట్టేశాను. మళ్ళీ తెరిచి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. బుధవారం తేదీ పేరున్న ఆట నొక్కాడు. మైదానం వచ్చింది. కుడిపక్క గుర్రపు దళం, కింద 'నిదానం'. పట్టీ ఎర్రగా ఉంది. దాని పక్కన ఆ రోజు నడిచిన దూరం, పదిహేను మైళ్ళు. అంటే పదిహేను గంటలు.

తరవాత మంగళవారం చూపించాడు, అంతకు ముందు వారం, ముందు నెల. ఎనిమిదో గుంపు నానాటికీ పెరిగిపోతోంది. ఒకప్పుడు అయిదారు దళాలు ఉండే చోట ఇప్పుడు నలభై ఒకటి. ముందు వరసలో బల్లేలవాళ్ళు లేరు, నది ఒడ్డున కాపలా లేదు, సైన్యం మొత్తం సరుకుల బండి చుట్టూ కూలబడి ఉంది. అవతలి రాజుకి తెలివుంటే ఎప్పుడో వచ్చి ఊడ్చుకుపోయేవాడు.

"రెండో డ్యూటీ వేసిన రోజు చార్టులో ఏమీ రాయొద్దన్నాడు మేనేజరు" అన్నాడు మా ఆయన. "ఆ రోజు గడి మొత్తం ఖాళీగా ఉంచమన్నాడు. తరవాత కాగితం తన గదిలోకి తెప్పించుకుని, ఖాళీల్లో విశ్రాంతి అని ఇంకుతో రాసుకుంటున్నాడు. కింద సంతకం ఎలాగూ సోమవారమే పడిపోయి ఉంటుంది కదా. ఎనిమిది నెలలుగా ఇదే. ఎక్కడో ఒకచోట నిజం ఉండాలి కదా అని ఇక్కడ..."

"ఎనిమిది నెలలా! ఎనిమిది నెలలుగా తెలిసి నోరు మూసుకున్నావా?"

నేను చిన్నగా అరిచే మనిషిని కాదు. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. చేతులు దులుపుకుని మంచం మీద కూర్చుని, నిజాన్ని ఆటలో దాచిపెట్టాడట! అక్కడ ఎవరు చూస్తారని? ఆ ముసలి రాజా?

"మంగళవారం అధికారి ముందు ఇది చూపించు" అన్నాను.

"నవ్వుతారు."

"నవ్వనీ."

"నన్ను కూడా శిక్షిస్తారు. సోమవారం సంతకం నేను పెట్టిన పద్ధతే. గళ్ళు ఖాళీగా ఉంచింది నేనే."

"శిక్షించనీ" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో అంత బరువుగా నా మీదే పడింది. ఆయన జీతం లేకపోతే ఇల్లు ఎలా నడుస్తుందో నాకు తెలియనిది కాదు. కానీ ఆ పూట నాకు వేరే మాట రాలేదు.

ఆయన పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి ఆదివారం గడిపేశాడు. అందుకని సోమవారం ఒంటిగంటకు ఆ ల్యాప్‌టాప్ నేనే తీసుకెళ్ళి క్యాంటీను మధ్య బల్ల మీద పెట్టాను. "అందరూ రండి. మీ మీ పేర్లు వెతుక్కోండి" అన్నాను.

వాళ్ళు మేనేజరు మీద మండిపడతారని అనుకున్నాను. ముందు మా ఆయన మీదే పడ్డారు.

"మమ్మల్ని బొమ్మలు చేసి ఆడుకున్నావా చార్టుగారూ?" అని రేడియో బల్ల గుద్దాడు. "నేను బల్లెం పట్టుకుని మైదానం చుట్టూ తిరిగానా? నా కూతురి పరీక్ష రోజు రెండో డ్యూటీ వెయ్యొద్దని నీ కాళ్ళు పట్టుకున్నాను. ఇదిగో, ఇక్కడ ఎర్రగా పెట్టావు! తెలుసుగా నీకు!"

సగం టీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తన దళం ఎర్రగా ఉన్న తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే తమ తమ పేరు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నారు. తిట్లు, కేకలు. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఆయన్ని వెనకేసుకు రాలేదు. ఎలా వస్తాను?

అన్నయ్య అందరికన్నా చివర లేచాడు. కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఈ గుర్రాలు నావా?"

"నీవే బావా."

"గురువారం పొద్దున నన్ను బస్సెక్కించేటప్పుడు ఈ ఎరుపు చూశావా నువ్వు?"

నేను పొయ్యి ఆపేశాను.

"చూశాను" అన్నాడు మా ఆయన.

"ఆటలో అయితే ఏం చేసేవాడివి?"

"వెనక్కి పంపేవాణ్ణి. గుడారంలోకి."

అన్నయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఆ గుర్రాలకున్న అదృష్టం నాకు లేకపోయింది" అని, టీ అడగకుండానే వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. నేను బతిమాలలేదు కూడా.

మంగళవారం విచారణ మేనేజరు గదిలో. పెద్దాఫీసు నుంచి వచ్చింది ఒక నడివయసు ఆవిడ. మాట తక్కువ, రాత ఎక్కువ. నేను టీ పట్టుకెళ్ళాను, పళ్ళెం చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పొమ్మని ఎవరూ అనలేదు, అన్నా పోయేదాన్ని కాను.

మా ఆయన ల్యాప్‌టాప్ తెరవగానే మేనేజరు పగలబడి నవ్వాడు. "మేడమ్, ఇదీ మా సిబ్బంది పరిస్థితి. ఆఫీసులో కూర్చుని యుద్ధాలు చేస్తున్నారు. గుర్రాలు సాక్ష్యం చెబుతాయట."

ఆవిడ నవ్వలేదు. "చెప్పండి" అంది మా ఆయనతో.

ఆయన చెప్పాడు. దళాలంటే ఎవరో, మైళ్ళంటే ఏమిటో, ఎనిమిదో గుంపు ఎందుకు నిండిందో చెప్పాడు. సోమవారం సంతకం తన పద్ధతేనని, ఖాళీ గళ్ళు తన పనేనని, గురువారం పొద్దున నిదానం ఎక్కకూడని స్థితిలో ఉన్నాడని తెలిసి కూడా కిటికీలోంచి డ్యూటీ కాగితం ఇచ్చింది తానేనని చెప్పాడు. "బావ తప్పు చెయ్యలేదు మేడమ్. తప్పు నేను చేశాను" అన్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేను వినలేదు.

"ఇది మీరు నిన్న కూర్చుని తయారుచేసింది కాదని ఎలా నమ్మాలి?" అని అడిగింది ఆవిడ.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు ఆ పళ్ళెం ఎత్తి ఎవరి నెత్తిన వెయ్యాలో తెలియలేదు.

ఆవిడే కలం తీసి, "డీజిలు పట్టించేటప్పుడు డ్రైవరు సంతకం పెడతాడు కదా? ఆ పుస్తకాలు మా ఆఫీసుకే వస్తాయి" అంది. ఆటలోంచి అయిదు తేదీలు, అయిదు పేర్లు తానే ఏరి రాసుకుంది. బుధవారం, నిదానం అన్నది అందులో మొదటిది. ఫోను చేసి, ఆ రోజుల్లో సాయంత్రం బస్సుకి డీజిలు పట్టించింది ఎవరో చూడమంది. డీజిలు పుస్తకం డీజిలు కోసమే అని మా అందరి లెక్క. అందులో మనుషుల సంగతి కూడా ఉంటుందని ఎవరికీ తట్టలేదు, తప్పుడు గళ్ళు రాసిన మేనేజరుకీ తట్టలేదు. పదకొండేళ్ళు చార్టు వేసిన మా మహానుభావుడికీ తట్టలేదు, అది ఇంకా ఒళ్ళు మండే విషయం.

అరగంటకు ఫోను మోగింది. ఆవిడ ఒక్కో పేరు దగ్గరా టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. అయిదుకి అయిదూ పెట్టింది. మేనేజరు వాలిన కుర్చీలోంచి మెల్లగా ముందుకి వచ్చాడు. విశ్రాంతి అని రాసి ఉన్న చార్టు ఆవిడ తన సంచిలో పెట్టుకుంది. నేను తెచ్చిన టీ అప్పుడు తాగింది, చల్లారిపోయింది, అయినా తాగింది.

న్యాయం జరిగిందా అంటారా? అన్నయ్య మళ్ళీ బస్సెక్కాడు, లైసెన్సు దక్కింది. కాలు విరిగినతనికి నయమవుతోంది, కానీ కుంటు పోదన్నారు. మేనేజరుని ఇంకో డిపోకి బదిలీ చేశారు, ఇంతకన్నా పెద్ద డిపోకి. అక్కడ కూడా బస్సు ఆగకూడదనే అంటుంటాడు. మా ఆయన్ని చార్టు కిటికీ నుంచి తీసేసి, బస్సుల్లో ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులు, సంచులు దాచే గదిలో వేశారు. చిన్న తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకుంటే గొడుగుల గది. పెద్ద తప్పు చేసినవాడు ఒప్పుకోకపోతే పెద్ద డిపో. ఇది తలుచుకున్నప్పుడల్లా నేను గ్లాసులు కాస్త గట్టిగానే కడుగుతాను.

సోమవారం సంతకం పోయింది. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున కిటికీ ముందు వరస. ఎవరి గడి వాళ్ళే ఇంకుతో నింపుకుంటున్నారు, నిన్న ఎన్ని గంటలు నడిపారో తమ చేత్తో రాస్తున్నారు. వరస నా క్యాంటీను తలుపు దాకా వస్తుంది. వానొస్తే తడుస్తూ మా ఆయన్ని తిడతారు. తిడుతూనే రాస్తారు. బస్సులు ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరుతున్నాయి. ఎనిమిదిమంది కొత్త డ్రైవర్లను ఇచ్చారు, ఇంకా ఇస్తామన్నారు. అన్నయ్య మా ఆయనతో మూడు వారాలు మాట్లాడలేదు. నాలుగో వారం గొడుగుల గది ముందు ఆగి, "ఏం బావా, నా గుర్రాలు మేత మేస్తున్నాయా?" అని అడిగాడట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు.

కథ ఇక్కడ ఆపేస్తే నేను కూడా మంచి ఇల్లాలిననిపించుకునేదాన్ని. కానీ పోయిన ఆదివారం రాత్రి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఎనిమిదో గుంపులో నాలుగే దళాలున్నాయి. బల్లేలవాళ్ళు ముందు వరసలోకి వచ్చేశారు. నది ఒడ్డున గుర్రాలు ఆకుపచ్చగా ఉన్నాయి. సంతోషించి, అన్నిటికన్నా వెనక సరుకుల బండి మీద నొక్కాను, ఊరికే. అందరి కింద పేర్లున్నాయి కదా, దీనికేం పేరు పెట్టాడో చూద్దామని.

నా పేరు ఉంది.

పట్టీ ఎరుపు. నడిచిన దూరం పదహారు మైళ్ళు. ముందు రోజు తీశాను, ఎరుపు. ముందు వారం, ముందు నెల, పోయినేడు. బల్లేలవాళ్ళు పసుపుకి తగ్గారు, గుర్రాలు ఆకుపచ్చకి వచ్చాయి, రెండేళ్ళలో ఒక్క రోజు కూడా ఆ బండి రంగు మారలేదు. క్యాంటీనులో పదమూడున్నర గంటలు, ఇంట్లో వంటా అంట్లూ రెండున్నర. అంతా సరిగ్గా లెక్కపెట్టాడు. ఒక్క గంట తప్పు లేదు.

ఆయన తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వచ్చి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇది కూడా తెలుసా నీకు?" అన్నాను.

ఆయన తుండుగుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"రోజూ చూశావు. రోజూ ఎర్రగా పెట్టావు. రెండేళ్ళలో లేచి ఒక్క గ్లాసు కడిగావా?"

"సరుకుల బండి ఆగితే సైన్యం ఆగిపోతుంది" అన్నాడు నేల చూస్తూ. "దాన్ని ఎనిమిదో గుంపులో ఎలా వెయ్యాలో నాకు తెలియలేదు."

అన్నయ్య విషయంలో కూడా తెలియలేదు ఈ మనిషికి. తెలియకపోవడం కాదు, రంగు వేస్తే తన పని అయిపోయిందనుకుంటాడు. నేను అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదనిపించింది, అలా అనిపించడం మొదటిసారి. కొక్కెం మీంచి క్యాంటీను తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"రేపు అయిదున్నరకి తలుపు తియ్యాలి. పాలవాడు అయిదింటికే వస్తాడు. సగం టీకి సగమే పొయ్యి, నిండుగా పోస్తే తిడతాడు. గొడుగుల గదికి సెలవు పెట్టుకో."

"ఎన్ని రోజులు?"

"ఎరుపు నుంచి ఆకుపచ్చకి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

ఆయన ఆట గురించి అడిగితే మాత్రం ఎప్పుడూ సరైన జవాబు చెబుతాడు. "అంత పాత ఎరుపైతే ఆరు రోజులు" అన్నాడు.

ఇవాళ రెండో రోజు. పొద్దున తొమ్మిదింటికి రేడియో ఫోను చేశాడు, మా ఆయన చెయ్యి కాల్చుకున్నాడట, టీ ఉప్పగా ఉందట, వరసలో అందరూ తిడుతున్నారట, వెంటనే రమ్మన్నాడు. ఇంకా నాలుగు రోజులుంది నాయనా అని చెప్పి, ఫోను పెట్టేసి, అటు తిరిగి పడుకున్నాను.